నక్షత్రాల హాజరుపట్టీ

కళాశాలలో ఉదయం మొదటి గంట మ్రోగగానే అధ్యాపకుడు హాజరుపట్టీ తెరవడం పరిపాటి. వచ్చినవారికి ఒక గుర్తు, రానివారికి ఒక గుర్తు. పట్టీ వ్రాసే సమయంలో దానిని ఎవరూ లక్ష్యపెట్టరు. సంవత్సరాంతాన పరీక్షకు కూర్చొనే అర్హత లెక్కకట్టేటప్పుడు మాత్రం దాని విలువ అందరికీ తెలిసివస్తుంది. మన కళాశాల నెత్తిమీద ప్రతిరాత్రీ మరొక పెద్ద తరగతి జరుగుతున్నది. దానికి వచ్చేవారు నక్షత్రాలు. వారిలో చాలామంది కొంతకాలంగా కనిపించడం మానివేసినారు. ఎవరు మానినారో, ఏ సంవత్సరం నుండి మానినారో చెప్పడానికి మనవద్ద ఏ పట్టీయూ లేదు. అట్టి పట్టీ నొకదానిని మనమే ప్రారంభించవలెననీ, దానికి తగిన సాధనం వెన్నెలలో తీసిన నక్షత్రరేఖల ఛాయాచిత్రమనీ విద్యార్థులకు, కళాశాల కమిటీ వారికి ఈ వ్యాసం ద్వారా మనవి చేయదలచినాను.

నక్షత్రరేఖ అంటే ఏమో ముందుగా చెప్పుకొందాము. కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద కదలకుండా బిగించి, ఆకాశంవైపు త్రిప్పి, షట్టరును నిమిషాల తరబడి తెరచి ఉంచితే చిత్రంలో చుక్కలు చుక్కలుగా పడవు, గీతలుగా పడతాయి. కదిలినది నక్షత్రం కాదు. కెమెరా, స్టాండు, దాని క్రింది బండరాయి, ప్రక్కన నిలబడిన మనము, అందరమూ భూమితో పాటు తూర్పుకు తిరిగినాము. పడవలో పోయేవానికి ఒడ్డు వెనుకకు నడచినట్లు తోస్తుందని పదిహేను వందల సంవత్సరాల క్రిందట ఆర్యభటుడు చెప్పిన పోలిక ఇదే. భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. కనుక నక్షత్రం సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున, గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతుంది. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివి మరచిపోయే భూభ్రమణాన్ని కన్నులారా చూడడానికి ఇంతకంటె చౌకయైన ప్రయోగం లేదు. చీకటిగదిలోనికి చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు ఎదుట బొమ్మ కట్టే తీరును వేయి సంవత్సరాల క్రిందట పరిశీలించి, దానిని గ్రహణకాలపు సూర్యబింబానికి అన్వయించిన ఇబ్న్ అల్ హైసమ్ పేరు మన ఉర్దూ విద్యార్థులకు క్రొత్త కాదు. కెమెరా వంశవృక్షంలో ఆ పేరు మొదటివాటిలో ఉన్నది.

ఇక వెన్నెల మాట. ఖగోళ శాస్త్రజ్ఞులకు చంద్రుడు ప్రియమిత్రుడు కాడు. ఆయన వెలుగులో మసక చుక్కలు మునిగిపోతాయి గనుక వారు అమావాస్య కోసం ఎదురుచూస్తారు. కాని మన చిత్రానికి ఆకాశం ఒక్కటే చాలదు, నేలకూడ కావలెను. అమావాస్య రాత్రి తీసిన చిత్రంలో నేల నల్లని మసిగుడ్డవలె ఉంటుంది. అది రాజేంద్రనగరమో రాజస్థానమో చెప్పేదెవరు? చంద్రుడు వచ్చి బండరాతి మీద, తాటిచెట్టు మీద, చెరువునీటి మీద వెలుగు పరచినప్పుడే ఆ చిత్రానికి ఒక ఊరు ఏర్పడుతుంది. నక్షత్రాలు చిత్రానికి కాలాన్ని వ్రాస్తే, వెన్నెల దానికి చిరునామా వ్రాస్తుంది.

అయితే ఎంత వెన్నెల కావలెను? ఇక్కడ చిన్న లెక్క ఒకటి ఉన్నది. అది తెలిసిన తరువాతనే నాకీ విద్య మీద మక్కువ కలిగినది. పున్నమి వెన్నెల కంటె పగటి ఎండ సుమారు నాలుగు లక్షల రెట్లు తీక్ష్ణమైనది. మంచి ఎండలో ఐ.ఎస్.ఓ. 100 వేగంతో, లెన్సు ద్వారం ఎఫ్ 4 వద్ద ఉంచి తీస్తే సెకనులో 1,600వ వంతు కాలం చాలు. దానిని నాలుగు లక్షలతో హెచ్చవేస్తే 250 సెకనులు, అంటే నాలుగు నిమిషాలకు కొంచెం ఎక్కువ. పున్నమి రాత్రి నాలుగు నిమిషాలు షట్టరు తెరచి ఉంచితే నేల పట్టపగటివలె పడుతుందన్నమాట. కాని ఆ నాలుగు నిమిషాలలో నక్షత్రం జరిగేది ఒక్క డిగ్రీ మాత్రమే. గీత గోరంత కూడ సాగదు. పైగా ఆకాశం తెల్లబారి చిన్న చుక్కలు కనబడవు. అర్ధచంద్రుని సంగతి వేరు. బింబంలో సగం వెలిగినంత మాత్రాన వెలుగులో సగం రాదు, సుమారు పదవవంతు మాత్రమే వస్తుంది. చంద్రుని మీది గుంటలు, మిట్టలు ప్రక్కవాటపు ఎండలో పొడవైన నీడలు పరచుకొనడమే దీనికి ముఖ్యకారణం. పదవవంతు వెలుగుకు పదిరెట్లు కాలం కావలెను గనుక నాలుగు నిమిషాలు నలభై నిమిషాలవుతాయి. నలభై నిమిషాలలో నక్షత్రం పది డిగ్రీలు తిరుగుతుంది. గీత నిండుగా సాగుతుంది, నేలయూ నిండుగా పడుతుంది. పున్నమి నేలకు మేలు, అమావాస్య ఆకాశానికి మేలు. రెండింటికీ న్యాయం చేసేది సప్తమి, అష్టమి నాటి చంద్రుడు.

ఈ లెక్క చేతబట్టుకొని కొందరు విద్యార్థులతో హిమాయత్‌సాగర్ వైపున్న ఒక బండరాళ్ళ గుట్ట ఎక్కినాము. లెక్క ప్రకారమే నలభై నిమిషాలు షట్టరు తెరచి ఉంచినాము. చిత్రం వచ్చిన తరువాత చూస్తే ఆకాశమంతా నారింజరంగు బూడిద పూసినట్లున్నది. అక్కడక్కడ నాలుగైదు గీతలు తప్ప మిగిలినదంతా అలుకుడు. లెక్కలో తప్పెక్కడ అని వెనుదిరిగి చూచినప్పుడు జవాబు దొరికినది. మేము చంద్రుని వెలుగు లెక్కవేసినాము. ఊరి వెలుగు లెక్కవేయలేదు.

ఆ రాత్రి జరిగిన మరొక చిన్న సంగతి చెప్పక తప్పదు. కెమెరా బిగిస్తుండగా ఉర్దూ మాధ్యమపు విద్యార్థి ఒకడు దక్షిణంవైపు, నేలకు అంత ఎత్తు లేకుండా మెరుస్తున్న పెద్ద చుక్కను చూపి, "సార్, అది సుహైల్ కదా? మా దాదీ చెప్పేది" అన్నాడు. ప్రక్కనున్న తెలుగు మాధ్యమపు విద్యార్థి, "సుహైల్ కాదురా, అది అగస్త్యుడు. మా తాత చూపించేవాడు" అన్నాడు. ఇద్దరూ కొంతసేపు వాదించుకొని నావైపు తిరిగినారు. ఇద్దరికీ పూర్తి మార్కులు వేయవలసి వచ్చినది.

ఆకాశంలో సిరియస్ తరువాత అంతటి ప్రకాశం గల నక్షత్రం అదే. వేసవి చివర కొంతకాలం కనుమరుగై, తిరిగి తెల్లవారుజామున తూర్పుదక్షిణ మూల ఉదయిస్తుంది. అరబ్బు దేశాలలో సుహైల్ పొడిచినదంటే మండు వేసవి తిరుగుముఖం పట్టినదని సంతోషిస్తారు. మన కవిసమయంలో అగస్త్యోదయమైనదంటే వానకాలపు బురదనీరు తేరుకొని నిర్మలమౌతుందని ప్రసిద్ధి. ఎడారివానికి చల్లదనాన్నీ, మనకు తేటనీటినీ వాగ్దానం చేసినది ఒక్కటే చుక్క. ఇట్టివి ఇంకా ఉన్నవి. మనము కృత్తిక అనే గుంపే సురయ్యా. ఆ పేరు పెట్టుకొన్న ఆడపిల్లలు మన తరగతులలో ఉన్నారు. మన రోహిణియే అల్ దబరాన్, దాని నుండే ఆంగ్లేయుల ఆల్డెబరాన్ వచ్చినది. మన ధ్రువుడే కుతుబ్ తారా. 1591లో మన నగరాన్ని నిర్మించిన కుతుబ్‌షాహీల పేరులోని కుతుబ్‌కు ఇరుసు, ధ్రువము అనే అర్థమున్నది. రెండు భాషలు ఒకే గోడకు ఇరువైపుల ఉన్న ఈ కళాశాలలో, రెండింటికీ ఉమ్మడి ఆస్తి ఏదని అడిగితే నేను ఆకాశమనే చెబుతాను.

ఆకాశం ఉమ్మడిదే ఐనా అది కనిపించే తీరు మాత్రం ఊరూరికీ వేరు. నక్షత్రరేఖల పుస్తకాలలో సాధారణంగా కనిపించే చిత్రాలు ఉత్తర దేశాలలో తీసినవి. వాటిలో ధ్రువనక్షత్రం చాల ఎత్తున ఉంటుంది, దాని చుట్టూ నక్షత్రాలు గానుగ తిరిగినట్లు పెద్ద వలయాలు గీస్తాయి. రాజేంద్రనగరం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. కనుక ఇక్కడ ధ్రువుడు నేలకు 17 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. ఉత్తర ఐరోపాలో ఎన్నడూ అస్తమించని సప్తర్షి మండలం మనకు ఉదయించి అస్తమిస్తుంది. పైగా మనకు ఈశాన్యాన, ఉత్తరాన ఉన్నది మహానగరం. దాని వెలుగులో ధ్రువుని చుట్టూ వలయాలు వెదకడం దండుగ. మనవైన చిత్రాలు రెండు. తూర్పుకు త్రిప్పితే నక్షత్రాలు దాదాపు నిటారుగా, కొద్దిపాటి వాలుతో పైకి లేస్తాయి. దక్షిణానికి త్రిప్పితే అవి కొండవాలువలె లేచి, నడుమ శిఖరం చేరి, తిరిగి దిగుతాయి. సుహైల్ మన దక్షిణ ఆకాశంలో గరిష్ఠంగా ఎక్కేది 20 డిగ్రీలు. లండను నగరవాసికి అది జీవితకాలమంతా ఎదురుచూచినా స్వదేశంలో కనిపించదు. మనకు లభించిన ఈ భాగ్యాన్ని వదలి పరాయి దేశపు వలయాలకోసం వగచడమెందుకు?

నక్షత్రాల హాజరు తీసుకొనడం హైదరాబాదుకు క్రొత్త పని కాదు. 1901లో నవాబు జఫర్‌జంగ్ అనే విద్యావంతుడు ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, ఫిసల్‌బండ వద్ద నిజామియా వేధశాలకు పునాది వేసినాడు. జారుడు అనే ఉర్దూ మాట, బండ అనే తెలుగు మాట కలిసిన చోట ఆ ఖగోళవిద్య పుట్టడం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఆయన మరణానంతరం ప్రభుత్వం ఆ వేధశాలను చేపట్టి బేగంపేటకు తరలించినది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చినది. అప్పటికే ప్రపంచ వేధశాలలు కొన్ని కలిసి ఆకాశమంతటినీ పంచుకొని ఛాయాచిత్రాలు తీసే మహాకార్యానికి పూనుకొని ఉన్నవి. 1887లో పారిస్ నగరంలో ప్రారంభమైన ఆ పథకంలో దక్షిణాకాశపు 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చినది. 1914 నుండి ఇక్కడి వారు గాజుపలకల మీద ఒక్కొక్క ముక్కగా ఆకాశాన్ని చిత్రించి, లక్షల కొలది చుక్కల స్థానాలు కొలిచి గ్రంథస్థం చేసినారు. తరువాత ఉత్తరాకాశంలోని మరొక పట్టీ కూడ మనవారి చేతికే అప్పగింపబడినది.

వారి పద్ధతి మన పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. గీతలు పడకుండ, నక్షత్రంతో పాటు దూరదర్శినిని మెల్లమెల్లగా త్రిప్పుతూ వారు చుక్కను చుక్కగానే పట్టినారు. కాని ఆత్మ ఒక్కటే: నేడు ఎవరెవరు వచ్చినారో వ్రాసిపెట్టడం. ఆ పని చేసినవారికి దాని ఫలం కనిపించలేదు. అంత శ్రమ దేనికని పరిహసించినవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఐరోపావారి హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుండి 1993 వరకు ఆకాశాన్ని కొలిచినది. ఆ కొలతలను పాత గాజుపలకల కొలతలతో సరిపోల్చి, ఒక్కొక్క నక్షత్రం ఇన్ని దశాబ్దాలలో ఎంత కదిలినదో లెక్కకట్టి, 2000లో టైకో-2 అనే 25 లక్షల నక్షత్రాల పట్టికను ప్రకటించినారు. పాత పలకలు లేకుంటే ఆ ఉపగ్రహం "నేడు ఇక్కడ ఉన్నది" అనగలిగేది కాని "నాడు అక్కడ ఉండెను" అనగలిగేది కాదు. బేగంపేటలో రాత్రులు మేలుకొన్నవారి హాజరుపట్టీ ముప్పాతిక శతాబ్ది తరువాత ఆ విధంగా పరీక్షకు పనికివచ్చినది.

ఆ బేగంపేట ఏమైనది? ఊరు పెరిగినది, దీపాలు పెరిగినవి. ఉస్మానియావారు క్రొత్తగా తెప్పించిన 48 అంగుళాల దూరదర్శినికి నగరం నుండి యాభై కిలోమీటర్లకు పైగా దూరాన జాపాల, రంగాపురం గ్రామాల వద్ద స్థలం వెదుక్కొన్నారు. 1968 ప్రాంతంలో అది పనికి వచ్చినది. 1980 ఫిబ్రవరి 16న అక్కడ నుండి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించినారు. నిజామియాలో పనిచేసిన తండ్రి నీడన పెరిగి, మన నిజాం కళాశాలలో చదివిన వైణు బప్పు, 1971లో స్వతంత్ర సంస్థగా రూపొందిన భారత ఖగోళ భౌతిక సంస్థకు ప్రథమ సంచాలకుడై దానిని తీర్చిదిద్దినాడు. ఆ సంస్థవారి దూరదర్శిని ఒకటి నేడు లడఖ్‌లోని హాన్లేలో ఉన్నది. చీకటి చెడకుండ ఆ ప్రాంతాన్ని 2022లో రక్షిత ప్రాంతంగా ప్రకటించవలసి వచ్చినది. ఫిసల్‌బండ నుండి బేగంపేటకు, బేగంపేట నుండి రంగాపురానికి, దక్కను నుండి హిమాలయాలకు: చుక్కలు చూచేవారు చీకటి వెంట ఎంత దూరం పోవలసి వచ్చినదో గమనించండి. శాస్త్రజ్ఞులు పోగలరు. విద్యార్థి ఎక్కడికి పోగలడు? వానికి ఉన్నది తన ఊరి ఆకాశమే.

మన రాజేంద్రనగరానికి ఈ విషయంలో కొంత అదృష్టం మిగిలి ఉండెను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచిన తరువాత, వరదను ఆపడానికి, దాహం తీర్చడానికి రెండు జలాశయాలు కట్టినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నదిమీద హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. జలాశయపు విస్తీర్ణం, వ్యవసాయ విశ్వవిద్యాలయపు పొలాలు, రెండువందల యాభై కోట్ల సంవత్సరాల నాటి బండరాళ్ళ గుట్టలు, వీటి మూలంగా ఇక్కడ దీపాలు పలుచగా ఉండెడివి. 1996లో జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో పెద్ద నిర్మాణాలను నియంత్రిస్తూ ప్రభుత్వం 111వ ఉత్తర్వు జారీచేసినది. నీటిని కాపాడడానికి చేసిన ఆ ఉత్తర్వు, ఎవరూ తలపెట్టకుండానే చీకటిని కూడ కాపాడినది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువడినది. ఈలోగా 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాలు శంషాబాదుకు తరలివచ్చినవి. అవుటర్ రింగ్ రోడ్డు వచ్చినది. దాని వెంట దీపస్తంభాలు, ప్రకటనల బోర్డులు, భవనాలు వచ్చినవి. బేగంపేటను వదలి చుక్కలవారు ఒక దిక్కుకు పోతే విమానాలు మరొక దిక్కుకు, మన దిక్కుకు, వచ్చినవి.

నేను విమానాశ్రయానికి విరోధిని కాను. మన ఇండ్ల నుండి ఎందరో గల్ఫు దేశాలకు పోయి కుటుంబాలను నిలబెట్టినది ఆ విమానాల మీదనే. రోడ్డు మీద దీపం వద్దని అనేవాడు మూర్ఖుడు. కాని శంషాబాదు మనకు దక్షిణాన ఉన్నది. సుహైల్ ఉదయించేదీ దక్షిణాననే, అదియూ తక్కువ ఎత్తున. కనుక దీపాల కాంతి ముందుగా తినివేసేది ఆ దిక్కునే. సుహైల్ గట్టి ప్రాణం గలది, ఇంకా కనిపిస్తున్నది. దాని చుట్టూ ఉండవలసిన చిన్న చుక్కలు పోయినవి. కుటుంబమంతా ఊరు విడిచిపోగా ఇంటిపెద్ద ఒక్కడే అరుగుమీద కూర్చున్నట్లు అది ఒంటరిగా ఉన్నది.

కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి సంవత్సరం రథసప్తమి రాత్రి, ఒకే చోట నుండి, ఒకే లెన్సుతో, ఒకే కాలపరిమితితో దక్షిణాకాశపు నక్షత్రరేఖల చిత్రం తీయవలెను. రథసప్తమియే ఎందుకు? మాఘ శుద్ధ సప్తమి జనవరి చివర గాని ఫిబ్రవరిలో గాని వస్తుంది. అప్పుడు మన ప్రాంతంలో వానమబ్బులు అరుదు. సుహైల్ రాత్రి తొమ్మిది, పదిన్నర గంటల మధ్య దక్షిణరేఖను చేరుతుంది. చంద్రుడు పడమటి ఆకాశంలో సగం ఎత్తున ఉండి, దక్షిణానికి త్రిప్పిన కెమెరాకు కుడిప్రక్క నుండి వెలుగు పడవేస్తాడు. హిజ్రీ లెక్కలో ఆ రాత్రి ఏదో ఒక నెలలో ఆరో తేదీయో ఏడో తేదీయో అవుతుంది. నెల పేరు సంవత్సరానికి పదకొండు రోజుల చొప్పున జరిగిపోతుంది గాని చంద్రుని కళ మారదు. రెండు పంచాంగాలకూ ఆయన ఒక్కడే సాక్షి.

పద్ధతి కూడ స్థిరపరచుకొనవలెను. సుహైల్ దక్షిణరేఖ దాటడానికి ఇరవై నిమిషాలు ముందు మొదలుపెట్టి, దాటిన ఇరవై నిమిషాలకు ముగించవలెను. అప్పుడు దాని గీత చిత్రం నడుమ సమానమైన విల్లువలె వంగుతుంది. ఇప్పటి ఆకాశానికి ఒకే దీర్ఘ ఎక్స్‌పోజరు పనికిరాదని మా మొదటి చిత్రమే నేర్పినది. కనుక ముప్పై సెకనుల చిత్రాలు ఎనభై, ఎడతెగకుండ తీసి, తరువాత కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చి కలపవలెను. ప్రతి స్థానంలోను అన్నింటికంటె ప్రకాశవంతమైన వెలుగును మాత్రమే ఉంచితే ఆకాశపు మసక పెరగదు, గీత మాత్రం సాగుతుంది. నడుమ ఆగితే గీతలు తెగుతాయి. విమానాలు ఈ చిత్రంలోనికి రాకమానవు, శంషాబాదు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నవి. ఐనా కంగారు అక్కరలేదు. విమానపు గీత తిన్నగా, మధ్య మధ్య ముత్యాలు గ్రుచ్చినట్లు చుక్కలతో ఉంటుంది. నక్షత్రపు గీత వంపుగా, ఎడతెగకుండ ఉంటుంది. మానవుడు వేసిన గీతకూ భూమి వేసిన గీతకూ గల తేడా చిన్నపిల్లవాడు కూడ గుర్తించగలడు.

తరువాత ఒక నిర్ణీత చతురస్రంలో ఎన్ని గీతలున్నవో లెక్కించి చిత్రం క్రింద వ్రాయవలెను. మబ్బు పడితే "మబ్బు" అని వ్రాసి మరునాడు తీయవలెను. దుమ్ము, మంచు కూడ లెక్కను మార్చగలవు గనుక ఒక్క సంవత్సరపు అంకెను పట్టుకొని తీర్పు చెప్పరాదు. పది సంవత్సరాల వరుస చెప్పే మాటను మాత్రం ఎవరూ త్రోసిపుచ్చలేరు. అన్నింటికంటె ముఖ్యమైన నియమం ఒకటి. చిత్రంలో లేని చుక్కను చేర్చరాదు, ఉన్న దీపాన్ని చెరపరాదు. ఈనాడు సెల్‌ఫోనులలో చేతులు మారే రాత్రిచిత్రాలు కొన్ని ఆకాశం ఒక ఊరిది, నేల మరొక ఊరిది. అది అలంకారం కావచ్చు, సాక్ష్యం కాదు. రాని విద్యార్థికి హాజరు వేసే అధ్యాపకుని ఎట్లు క్షమించమో ఇట్టి చిత్రకారుని కూడ అట్లే క్షమించరాదు.

దీనికి కొన్ని అభ్యంతరాలు రాగలవు. ఖర్చు అంటారేమో. చేతితో ఎక్స్‌పోజరు నియమించగల పాత కెమెరా ఒకటి, గట్టి స్టాండు ఒకటి చాలు. చదువుకు నష్టమంటారేమో. సంవత్సరానికి ఒక్క సాయంకాలం, పదకొండు గంటలలోపు ముగిసే పని. భౌతిక, భూగోళ, గణిత శాస్త్రాలు మూడూ ఆ ఒక్క చిత్రంలో ఉన్నవి. ఆడపిల్లలను రాత్రిపూట ఎట్లు పంపగలమన్నది మూడవ అభ్యంతరం. ఇదే గట్టిది, దీనిని తప్పించుకొనరాదు. మన కళాశాలలో సగంమంది విద్యార్థినులు. వారిని ఇంటివద్ద ఉంచి సురయ్యాను, రోహిణిని మగపిల్లలు మాత్రమే చూచిరావడం ఏమి న్యాయం? అధ్యాపికలు తోడుండవచ్చు, తల్లిదండ్రులను కూడ ఆహ్వానించవచ్చు. గుట్ట ఎక్కడం కుదరకుంటే కళాశాల మేడమీదనే కెమెరా నిలుపవచ్చు. నేలభాగంలో బండరాయికి బదులు మన కళాశాల గోడయే పడుతుంది. చిరునామాగా అదియూ ఉచితమే. అసలు దాదీ చూపిన సుహైల్‌ను మనుమడు గుర్తుపట్టినాడంటే, ఆడవారు ఆరుబయట నిలబడి ఆకాశం చూచిన కాలం ఒకటి ఉండెననే కదా.

నాల్గవది భద్రత. దీపాలు తగ్గిస్తే దొంగల భయమంటారు. నేను దీపం ఆర్పుమనడం లేదు, దీపానికి టోపీ పెట్టుమంటున్నాను. మన ఆవరణలోనే చూడండి. గొడుగు లేని దీపం తన వెలుగులో కొంత భాగాన్ని ఆకాశానికి పంపుతుంది, కొంత భాగాన్ని నడిచేవాని కండ్లలో కొడుతుంది. మిగిలినదే బాటమీద పడుతుంది. కండ్లు జిగేలుమన్నవానికి చెట్టునీడలో నిలబడినవాడు కనబడడు. పైన రేకు గొడుగు కప్పి, తెల్లని తీక్ష్ణకాంతికి బదులు పసుపుకాంతి దీపం పెట్టి, వెలుగును క్రిందికి దించితే తక్కువ విద్యుత్తుతో బాట బాగుగా కనిపిస్తుంది, ఆకాశమూ మిగులుతుంది. ఇది శాస్త్రం, ఇది పొదుపు కూడ. రమజాన్ చంద్రుని కోసం పడమటి దిక్కున కండ్లు చికిలించి వెదకే మనకు, ఆకాశం తేటగా ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

కమిటీ వారికి నా మనవి మూడు మాటలు. ఆవరణలోని దీపాలకు గొడుగులు వేయించండి. సంవత్సరానికి ఒక్క రాత్రి విద్యార్థినీ విద్యార్థులకు అధ్యాపకుల తోడుతో అనుమతి ఇవ్వండి. ఈ వార్షిక సంచికలో ప్రతి సంవత్సరం ఒక్క పుట ఆ చిత్రానికి కేటాయించండి. చిత్రం క్రింద గీతల సంఖ్యను రెండు లిపులలోను అచ్చువేయండి.

విద్యార్థులారా, ఊరి దీపాలన్నింటికీ గొడుగులు వేయించే అధికారం మనకు లేదు. మన ఆవరణ దీపాలకు ఉన్నది. ఊరి ఆకాశం ఎట్లున్నదో నిజంగా వ్రాసిపెట్టే బాధ్యత కూడ ఉన్నది. గీతల సంఖ్య ఏటేటా తగ్గితే, ఏమి పోగొట్టుకొంటున్నామో తెలిసి పోగొట్టుకొన్నవారమౌతాము. అధికారుల ముందు నిలబడినప్పుడు మనచేతిలో ఒక కాగితముంటుంది. సంఖ్య నిలకడగా ఉంటే మన గొడుగులలో కొన్నింటికైనా ఫలం దక్కినదనుకొందాము. బేగంపేటలో గాజుపలకల మీద చుక్కలు లెక్కపెట్టినవారు తమ పట్టీ ఎవరికి పనికివస్తుందో ఎరుగరు. ఐనా హాజరు వ్రాయడం మానలేదు. వచ్చే రథసప్తమి రాత్రి పేరు పిలిచేది మనము. సుహైల్ హాజరవుతాడు, సందేహం లేదు. వానితో మరి ఎందరు వస్తారో చూతము.